పెరట్లో ఒకచోట కూర్చుంటే కనబడేవి

పెరట్లో తిరుగుతూ వెతికితే జీవులు పెద్దగా కనబడవు. మనిషి అడుగు పెట్టగానే ఉడుత తోక ఎగరేస్తూ కూత మొదలుపెడుతుంది. ఆ కూత వినగానే పిట్టలు పై కొమ్మలకు పోతాయి, తొండ కాండం వెనక్కి జరుగుతుంది. మనం చూసేది అవి ఖాళీ చేసి వెళ్ళిన పెరడు. అదే ఒకచోట కదలకుండా కూర్చుంటే పావుగంటలో అంతా మారిపోతుంది. ముందు మనల్ని అసలు లెక్కచేయని చీమలు, ఈగలు, సీతాకోకచిలుకలు కంటికి ఆనతాయి. తర్వాత ఉడుత కిందికి దిగుతుంది. పిగిలిపిట్టలు ఇంకాసేపు ఆగి వస్తాయి. ఈ వరస అర్థమయ్యాక నేను పెరట్లో తిరగడం మానేసి, గోడ నీడలో ఒక స్టూలు వేసుకున్నాను. రోజూ అదే స్టూలు, వీలైతే అదే వేళ. చోటు మారకపోతేనే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తుంది.

చేతిలో ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది. కనబడిన జీవి పేరు తెలుసుకోవాలన్న ఆత్రం నాకూ ఉంది, కానీ మొదటి గడి పేరుకు ఇవ్వలేదు. వేళ, ఎండా మబ్బా, ఏ మొక్క మీద, ఏం చేస్తోంది, ఎంతసేపు చేసింది - ఇవన్నీ రాశాక చివర పేరు. పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీ. ఈ పద్ధతి మీద నాకు గట్టి నమ్మకం. పేరు దొరికిందంటే మనసు అక్కడితో చాలించుకుంటుంది. అది ఏం చేస్తోందో రాయాలంటే మాత్రం ఇంకా చూస్తూనే ఉండాలి.

అలా చూస్తూ ఉండిపోయిన మొదటి చోటు చిక్కుడు పాదు. లేత తీగల కొసలకు నల్లగా పేనుబంక, అంటే మొక్క రసం పీల్చే చిన్న పురుగుల గుంపు, పట్టింది. సాధారణంగా ఎవరైనా చేసేది మందు కొట్టడం, లేదా నీళ్ళతో కడిగేయడం. నేను ఒక తీగను అలాగే వదిలేసి, దాని ముందు స్టూలు జరుపుకున్నాను. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోవడం ఈ పనిలో నేను పెట్టిన ఖర్చుల్లో అన్నిటికంటే విలువైనది. అద్దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, మొక్క దగ్గరికి తలను తీసుకెళ్ళాలి. అప్పుడు కనబడింది: ఒక పెద్ద పేనుబంక వెనక నుంచి ఇంకో చిన్నది, కాళ్ళు ఆడిస్తూ, బయటికి వస్తోంది. పేనుబంకలో ఆడవి జతకట్టకుండానే పిల్లలు పెట్టగలవు. గుడ్ల దశ లేకుండా నేరుగా పిల్లలే. తీగ రెండు మూడు రోజుల్లో నల్లబడిపోవడానికి కారణం అదే.

వాటి మధ్య తిరిగే చీమలు వాటిని తినడం లేదు. మీసాలతో వీపు మీద తడుతున్నాయి. తట్టగానే పేనుబంక వెనక నుంచి ఒక మెరిసే బొట్టు వస్తుంది, చీమ దాన్ని తాగేస్తుంది. మొక్క రసంలో చక్కెర ఎక్కువ, ప్రొటీన్‌కు కావలసిన సరుకు తక్కువ. ఆ తక్కువదాని కోసం పేనుబంక రసం విపరీతంగా పీల్చి, మిగిలిన చక్కెరను బయటికి వదిలేస్తుంది. చీమకు కావలసింది ఆ చక్కెరే. అందుకే కాపలా కాస్తుంది. పేనుబంకను తినే అక్షింతల పురుగు (లేడీబర్డ్) వచ్చి తీగ మీద వాలితే చీమలు దాని కాళ్ళు పట్టి లాగడం నేను చూశాను. ఆ పురుగు కాళ్ళు లోపలికి ముడుచుకుని, బోర్లించిన డిప్పలా అక్కడే అంటుకుపోయింది. చీమలు కాసేపు పెనుగులాడి వదిలేశాయి. అవి వెళ్ళగానే అది లేచి మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

అక్షింతల పురుగు పిల్లను చాలామంది గుర్తుపట్టరు. గుండ్రంగా ఉండదు, రెక్కలుండవు. నల్లటి పొడుగాటి ఒళ్ళు, దాని మీద లేత రంగు మచ్చలు, ముందు వైపు ఆరు కాళ్ళు. చూడ్డానికి చీడపురుగనిపిస్తుంది, దొరికితే నలిపేస్తారు. నిజానికి పేనుబంకను తినే పనిలో అది తల్లికేమీ తీసిపోదు. పెరట్లో మొక్కలు పెంచే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క రూపాన్ని గుర్తుపెట్టుకుంటే ఎన్నో అక్షింతల పురుగులు బతుకుతాయి.

ఆ తీగ మీదే ఇంకో సంగతి. కొన్ని పేనుబంకలు ఉబ్బి, గోధుమ రంగుకు మారి, కదలకుండా ఉన్నాయి. భూతద్దంతో చూస్తే కొన్నిటి వీపు మీద గుండ్రటి రంధ్రం. కంటికి ఆనీ ఆనని ఒక కందిరీగ వాటి ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే తిని పెరిగి, పెద్దదయ్యాక ఆ రంధ్రం కోసుకుని బయటికి వస్తుంది. ఆ వట్టి డొల్లలు కనబడుతున్నాయంటే పెరట్లో పని జరుగుతోందని అర్థం. అప్పుడు మందు కొడితే పేనుబంకతో పాటు ఈ పనివాళ్ళందరూ పోతారు. పేనుబంక మాత్రం తొందరగా తిరిగి వస్తుంది, ఎందుకంటే పిల్లలు పెట్టే వేగం దానిదే. నేను వదిలేసిన తీగ కొస కొద్దిగా వంకర్లు పోయింది, కొన్ని పూలు రాలాయి. పాదు బాగానే కాసింది.

ఎక్కువ రోజులు వెంటపడింది మాత్రం నిమ్మచెట్టు మీది సీతాకోకచిలుకను. నల్లటి రెక్కల మీద లేత పసుపు మచ్చలు, వెనక రెక్క లోపలి అంచున ఒక ఎర్ర మచ్చ, తోకలుండవు. తేనె తాగడానికి వచ్చినప్పటి తీరు వేరు, గుడ్లు పెట్టడానికి వచ్చినప్పటి తీరు వేరు. గుడ్లు పెట్టేది పూల వంక చూడదు. రెక్కలు కొట్టడం ఆపకుండానే ఆకు మీద వాలి ముందు కాళ్ళతో టపటపా తడుతుంది. ఆ పాదాల్లో రుచి తెలిసే కణాలుంటాయి. ఇది తన పిల్లలు తినదగిన ఆకేనా అని అది చూసేది అలాగే. నచ్చితే పొట్ట కొస వంచి ఒకే ఒక్క గుడ్డు అంటించి ఇంకో కొమ్మకు పోతుంది. గుడ్డు దాదాపు మిల్లీమీటరు ఉంటుంది, లేత పసుపు, గుండ్రం. ముదురు ఆకుల మీద నాకు గుడ్లు అరుదుగా కనబడ్డాయి, దాదాపు అన్నీ చిగుళ్ళ మీదే. పుట్టబోయేదాని దవడలు ముదురు ఆకును కొరకలేవు.

గుడ్డున్న కొమ్మకు ఒక దారం ముక్క కట్టి గుర్తు పెట్టుకున్నాను. లేకపోతే మర్నాడు దొరకదు. మూడు నాలుగు రోజుల్లో గుడ్డు రంగు ముదిరింది, ఆ తర్వాత ఒక ఉదయం ఆకు మీద గుడ్డు లేదు, పక్కన ఒక సన్నటి పురుగు ఉంది. గుడ్డు పెంకును అదే తినేసింది. దాని మొదటి తిండి అదే. ఆ పైన కొన్ని రోజుల పాటు ఆ పురుగును చూస్తే ఎవరికైనా పిట్టరెట్టే అనిపిస్తుంది. గోధుమ, నలుపు కలిసిన తడి ఒళ్ళు, మధ్యలో తెల్లటి పట్టీ. ఆకు మధ్యలో, అందరికీ కనబడేచోటే, కదలకుండా కూర్చుంటుంది. పిగిలిపిట్ట దాని పక్కనే వాలి, చూసి కూడా వెళ్ళిపోయింది.

తర్వాత ఒక కుబుసం విడిచి పూర్తిగా ఆకుపచ్చగా మారిపోయింది. కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. పిట్టరెట్ట వేషం చిన్న ఒంటికే నప్పుతుంది. పురుగు వేలంత అయ్యాక ఆ వేషం ఎవరూ నమ్మరు, ఆకు రంగే నయం. ఇదే ప్రజాతికి చెందిన, ఇలాగే నిమ్మజాతి చెట్ల మీద పెరిగే మరో సీతాకోకచిలుక మీద జపాన్ శాస్త్రవేత్తలు పరిశోధన చేసి 2008లో ప్రచురించారు. ఒంట్లో జువెనైల్ హార్మోన్ (పురుగును పిల్ల దశలోనే ఉంచే రసాయనం) తగ్గడమే ఈ మార్పుకు మీట నొక్కుతుందని అందులో తేలింది. ఆ సంగతి తెలిశాక కుబుసం విడిచే రోజు కోసం ఇంకా ఆత్రంగా ఎదురుచూశాను.

ఎండు పుల్లతో దాని వీపు మీద మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు పాయలుగా చీలిన నారింజ ఎరుపు కొమ్ము ఒకటి బయటికి పొడుచుకొస్తుంది. దాంతోపాటు ఘాటైన వాసన. చీమల్లాంటివి దగ్గరికి రాకుండా దాని ఏర్పాటు అది. ఒక్కసారి చూస్తే చాలు, మళ్ళీ మళ్ళీ తాకి దాన్ని ఇబ్బంది పెట్టకూడదు.

పురుగుల్లో చాలావరకు మధ్యలోనే మాయమయ్యాయి. దారం కట్టిన కొమ్మ ఉంటుంది, కొరికిన ఆకు ఉంటుంది, పురుగు ఉండదు. వాటిని తెచ్చి గాలాడే డబ్బాలో ఆకులేసి పెంచొచ్చు, పిల్లలకు చూపించడానికి అది మంచి పద్ధతే. నేను మాత్రం చెట్టు మీదే వదిలేశాను. చెట్టు మీద వాటికి ఏమవుతుందో తెలుసుకోవడమే నాకు కావలసింది. ఒకదాన్ని కందిరీగ మోసుకుపోవడం చూశాను. ఇంకొకటి ప్యూపా (రెక్కలు రాకముందు పెంకులో కదలకుండా ఉండే దశ) అయ్యింది, కానీ రంగు చెడింది. భూతద్దం పెట్టి చూస్తే పక్కన చిన్న రంధ్రం, అందులోంచి ఒకదాని వెనక ఒకటి చిన్న చిన్న కందిరీగలు బయటికి వస్తున్నాయి. బాధ కలిగింది, నిజం. ఆ పేజీని కూడా మిగతావాటిలాగే పూర్తిగా రాశాను.

చివరిదాకా నిలిచినది తినడం ఆపేసి, కడుపు ఖాళీ చేసుకుని, కొమ్మలన్నీ తిరిగింది. ఒక పుల్ల ఎంచుకుని తోక దగ్గర పట్టు గుత్తి అల్లింది. తర్వాత తల అటూ ఇటూ తిప్పుతూ పోగు మీద పోగు వేసి నడుం చుట్టూ పట్టీ తయారు చేసుకుంది. ఆ పట్టీలో వెనక్కి వాలి ఆగిపోయింది. మర్నాటికి చర్మం విడిచి ప్యూపా అయ్యింది. ఈ ప్యూపాలు చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి పచ్చగానో గోధుమ రంగుగానో ఉంటాయి. ఇది ఆకుల మధ్య ఉంది కాబట్టి పచ్చన. బయటికి వచ్చే ముందు రోజు దాని పెంకు పారదర్శకమై రెక్కల మచ్చలు కనబడ్డాయి. నాకు టెన్షన్ పట్టుకుంది. మర్నాడు తెల్లవారుజామునే స్టూలు వేసుకున్నాను. వీపు దగ్గర పెంకు పగిలి, ముందు తల, తర్వాత కాళ్ళు. పూర్తిగా బయటపడటానికి నిమిషం కూడా పట్టలేదు. రెక్కలు మాత్రం ముడతలు పడి చిన్నగా ఉన్నాయి. అది వేలాడుతూ ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి నెడుతుంటే అవి కళ్ళముందే సాగాయి. వేలాడటానికి చోటు దొరక్కపోతే రెక్కలు వంకరగానే గట్టిపడిపోతాయి. డబ్బాలో పెంచేవాళ్ళు లోపల ఒక నిలువు పుల్ల తప్పకుండా పెట్టాలి. వెచ్చటి రోజుల్లో గుడ్డు నుంచి రెక్కలదాకా ఇదంతా నెలలోపే అయిపోతుంది.

తేనెపిట్ట గూడు సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే దాని దగ్గరికి నేను కావాలనే వెళ్ళలేదు. మనిషి పదే పదే వెళ్ళే చోటును కాకులు గమనిస్తాయి. గూటి పక్కన నిలబడి ఫొటోలు తీయడం పిట్టకు ప్రమాదం. దూరం నుంచి బైనాక్యులర్‌తో చూశాను. కొనేవాళ్ళకు 8×42 రకం చెప్తాను: 8 రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు కాబట్టి సాయంత్రం వెలుగు తగ్గినా పనిచేస్తుంది. పెరటి కోసమైతే రెండు మీటర్ల దూరంలో ఉన్నదాని మీద కూడా ఫోకస్ కుదిరేది ఎంచుకోవాలి. గూడు కట్టింది ఆడపిట్ట ఒక్కటే. గోడ మూలకు వెళ్ళి సాలెగూడు పోగులు ముక్కుకు చుట్టుకుని వచ్చి, వాటితో ఎండు గడ్డి, బెరడు ముక్కలు కలిపి కుట్టింది. వాకిలి మీద చిన్న చూరు కూడా పెట్టింది. సాలెగూళ్ళు దులిపేసిన ఇంటి చుట్టూ ఈ పిట్టకు గూడు సరుకు దొరకదు. నేను ఒక మూల వదిలేశాను. పిల్లలు వచ్చాక పెద్దపిట్టలు రెండూ తెచ్చిన మేత ఎక్కువగా సాలీళ్ళు, చిన్న పురుగులు. తేనెతో పిల్లలు పెరగవు, ఎదిగే ఒంటికి ప్రొటీన్ కావాలి. వెళ్ళేటప్పుడు తల్లి ముక్కున ఒక తెల్లటి తిత్తి కనబడేది. పిల్లల రెట్టను గూట్లోంచి మోసుకుపోవడం అది.

గులాబీ ఆకుల అంచుల్లో గుండ్రటి కోతలు చూసి చాలామంది తెగులనుకుంటారు. ఆకులు కోసే ఒంటరి తేనెటీగ పని అది. ఆకు అంచున కూర్చుని దవడలతో గీత గీసినట్టు కోస్తుంది, ముక్క తెగగానే కాళ్ళతో పొట్ట కింద పట్టుకుని ఎగిరిపోతుంది. ఇదంతా కొద్ది సెకన్లలోనే. బోలు పుల్లలోనో గోడ రంధ్రంలోనో ఆ ముక్కలతో గదులు కట్టి, ఒక్కో గదిలో పుప్పొడి ముద్ద, ఒక గుడ్డు పెట్టి గుండ్రటి ముక్కలతో మూసేస్తుంది. పుప్పొడిని కాళ్ళకు కాకుండా పొట్ట కిందున్న రోమాలకు అంటించుకుని తెస్తుంది. పొట్ట కింద పసుపు కనబడితే అదే గుర్తు. మొక్కకు నష్టమేమీ ఉండదు, వదిలేయండి.

రాత్రి పెరడు వేరే. బూట్లు వేసుకుని, అడుగు పడే చోట వెలుగు వేసుకుంటూ, ఆకుల కుప్పల్లో చెయ్యి పెట్టకుండా వెళ్ళాలి. పాములకూ తేళ్ళకూ అదే తిరిగే వేళ. టార్చిని కంటి పక్కన, కంటి ఎత్తులో పట్టుకుని నేల మీద వేస్తే గడ్డిలో అక్కడక్కడా ఆకుపచ్చని మెరుపు చుక్కలు కనబడతాయి. వెలుగు వైపు నడుచుకుంటూ వెళ్తే ఒక్కో చుక్క వెనకా ఒక సాలీడు. నేల మీద తిరిగి వేటాడే రకం సాలీళ్ళ కళ్ళ వెనక వెలుగును తిరగ్గొట్టే పొర ఉంటుంది. టార్చి కంటి పక్కన లేకపోతే ఆ వెలుగు మన కంటికి చేరదు.

గుండ్రటి గూడు అల్లే సాలీడును చూడాలంటే చీకటి పడే వేళకే వెళ్ళాలి. ముందు రెండు కొమ్మల మధ్య ఒక పోగు, తర్వాత చుట్టూ చట్రం, మధ్యలోంచి అంచులకు నిలువు పోగులు. ఆ తర్వాత మధ్యలోంచి బయటికి దూరం దూరంగా ఒక చుట్టు వేసింది. ఇది జిగురు లేనిది, నడవడానికి మాత్రమే. అంచుకు చేరాక వెనక్కి తిరిగి, ఇప్పుడు జిగురు పోగు దగ్గర దగ్గరగా అంటిస్తూ లోపలికి వచ్చింది, పాత చుట్టును తెంచుకుంటూ. వెనక కాలితో ఒక్కో అంటు దగ్గరా దూరం కొలుచుకోవడం టార్చి వెలుగులో స్పష్టంగా తెలిసింది. నేను చూసిన పనుల్లో ఇంత నిబ్బరంగా చేసినది ఇంకొకటి లేదు. ఇలాంటి సాలీళ్ళలో చాలా రకాలు పాత గూటి పట్టును తినేసి, ఆ సరుకుతోనే కొత్తది అల్లుతాయి.

పేర్ల కోసం ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో పెడతాను, జీవుల ఫొటోలు చూసి తెలిసినవాళ్ళు పేరు చెప్పే వెబ్‌సైటు అది. పిట్ట గొంతు గుర్తుపట్టడానికి మెర్లిన్ యాప్ బాగుంటుంది. కీటకమైతే పై నుంచి, పక్క నుంచి, ముఖం వైపు నుంచి మూడు రకాల ఫొటోలు ఉంటేనే తెలిసినవాళ్ళు పేరు చెప్పగలరు. పెరడంటే మన ఇంటి చిరునామా కూడా కాబట్టి, చోటును ఖచ్చితంగా చూపించకుండా దాచే వీలును ఐనాచురలిస్ట్‌లో ఆన్ చేసుకోవాలి. ఏటా ఫిబ్రవరిలో 4 రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో ఎవరైనా పాల్గొనవచ్చు. 1998లో మొదలైంది. ఒకచోట కనీసం 15 నిమిషాలు నిలబడి కనబడిన పిట్టలను లెక్కపెట్టి పంపితే సరిపోతుంది.

ఒక ఇంటి పెరట్లో ఎన్ని జీవులుంటాయని అడిగేవాళ్ళకు నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉన్న జెన్నిఫర్ ఓవెన్ తోట గురించి చెప్తాను. ఆమె జీవశాస్త్రవేత్త. 1972 నుంచి 30 ఏళ్ళ పాటు తన ఇంటి తోటలోనే 2,673 జాతులను నమోదు చేశారు. అందులో 1,997 కీటకాలే. అప్పటిదాకా శాస్త్రానికే తెలియని కందిరీగలు కూడా కొన్ని వాటిలో ఉన్నాయి. పూలూ కూరగాయలూ ఉన్న మామూలు తోటే అది. ఆమె చేసిన ముఖ్యమైన పని ఏళ్ళ తరబడి ఆపకుండా రాయడం.

నేను ఇప్పుడు ఎండుటాకుల పొర మొదలుపెట్టాను. రెండు గుప్పిళ్ళ ఆకులు పుల్లతో ఎత్తి తెల్ల కాగితం మీద దులిపితే రోకలిబండలు, ముట్టుకుంటే బంతిలా చుట్టుకునేవి, ఇంకా కంటికి ఆనీ ఆనకుండా ఎగిరి పడే స్ప్రింగ్‌టెయిల్‌లు దొరుకుతాయి. ఈ చివరివాటికి రెక్కలుండవు. పొట్ట కింద మడిచి ఉన్న రెండు పాయల పుల్లను ఒక్కసారిగా వదిలి గాల్లోకి లేస్తాయి. తినేది ఎక్కువగా బూజు. అవి ఏ రకం ఆకుల కింద ఎక్కువగా ఉంటాయో చూడాలని మామిడి ఆకులు ఒక కుప్ప, మునగ ఆకులు ఒక కుప్ప విడివిడిగా పోసి, రెండూ ఒకేలా తడుపుతున్నాను. చూసిన వెంటనే ఆకులనూ జీవులనూ ఎక్కడివక్కడే వదిలేస్తాను. మామిడి కుప్ప ఇంకా గట్టిగానే ఉంది, మునగ కుప్ప సగానికి పైగా మట్టిలో కలిసిపోయింది.